రసాయన తపస్వి రౌల్ట్

చలి దేశాలలో చెరువులు గడ్డకట్టే వేళకు కూడా సముద్రం గడ్డకట్టదు. సముద్రజలంలో కరిగి ఉన్న లవణాలే అందుకు ముఖ్యకారణం. లోకానికి తెలిసిన ఈ చిన్న విషయం ఆధారంగా, కంటికి కనిపించని అణువుల భారాన్ని నిర్ణయించే మార్గం చూపిన శాస్త్రవేత్త ఫ్రాంస్వా మరీ రౌల్ట్.

ఆయన 1830 మే 10న ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగర సమీపాన, ఫూర్న్ గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. విద్యాభిలాషతో పారిస్ చేరాడు గాని, ధనాభావం వల్ల చదువు విడిచి ఉపాధ్యాయవృత్తి చేపట్టవలసివచ్చింది. అయినా ఆయన జ్ఞానతృష్ణ చల్లారలేదు. పాఠాలు చెబుతూనే పరిశోధన సాగించి, 1863లో డాక్టరేటు పొందాడు. 1867లో ఆల్ప్స్ పర్వతాల నడుమనున్న గ్రెనోబుల్‌లో అధ్యాపకుడై, 1870లో రసాయనశాస్త్రాచార్యుడయ్యాడు. రాజధానికి దూరంగా ఉన్న ఆ పట్టణమే తుదివరకు ఆయన కార్యక్షేత్రం.

ఆ కాలంలో అణుభారం కనుగొనడానికి పదార్థాన్ని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి సాంద్రతను కొలిచేవారు. కాని చక్కెర వంటి పదార్థాలు ఆవిరి కాకముందే మాడిపోతాయి. ఈ చిక్కుముడిని విప్పింది రౌల్ట్ ఓర్పు. ద్రావణాలను ఒక్కొక్కటిగా చల్లబరచి, అవి ఏ ఉష్ణోగ్రత వద్ద గడ్డకడతాయో ఆయన ఏళ్ల తరబడి సూక్ష్మంగా కొలిచాడు. 1882 నాటికి ఒక క్రమం స్పష్టమైంది. విలీన ద్రావణాలలో ఘనీభవన స్థానం ఎంత తగ్గుతుందనేది, కరిగిన పదార్థం ఏదన్న దానిపై గాక, దాని అణువుల సంఖ్యపై ఆధారపడుతుంది. ఒక కిలోగ్రాము నీటిలో మోల్‌లో పదోవంతు పదార్థం కరిగితే ఈ తగ్గుదల 0.186 డిగ్రీల సెల్సియస్. అణుభారం తెలియని పదార్థం 18 గ్రాములు కరిగించినప్పుడు ఇంతే తగ్గుదల కనిపించిందనుకొందాం. అప్పుడు ఆ 18 గ్రాములు మోల్‌లో పదోవంతు, అణుభారం 180. గ్లూకోజ్ అణుభారం అదే.

అయితే ఉప్పు ఈ నియమానికి లొంగలేదు. అది దాదాపు రెట్టింపు తగ్గుదల చూపింది. రౌల్ట్ ఆ అపవాదాన్ని దాచలేదు. కొలిచినది కొలిచినట్లే ప్రకటించాడు. 1887లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్, లవణాలు నీటిలో అయాన్లుగా విడిపోతాయని ప్రతిపాదించినప్పుడు ఆ కొలతలే బలమైన సాక్ష్యాలయ్యాయి. ఒక్కొక్క ఉప్పు ప్రమాణం రెండు అయాన్లుగా విడిపోతుంది గనుకనే తగ్గుదల రెట్టింపయింది. 1888లో జర్మన్ శాస్త్రవేత్త బెక్‌మన్ రూపొందించిన సాధనంతో ఈ పద్ధతి ప్రయోగశాలలన్నింటికీ అందుబాటులోకి వచ్చింది. 1892లో లండన్ రాయల్ సొసైటీ రౌల్ట్‌ను డేవీ పతకంతో సత్కరించింది.

1901 ఏప్రిల్ 1న గ్రెనోబుల్‌లోనే రౌల్ట్ కన్నుమూశాడు. అదే ఏడాది డిసెంబరులో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, ద్రావణ సిద్ధాంతాన్ని నిర్మించిన డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌ను వరించింది. ఆ సిద్ధాంతానికి ఆధారమైన కొలతలలో రౌల్ట్ కొలతలు ప్రముఖమైనవి. శిఖరాన్ని చూసే కన్నులకు పునాది కనిపించదు; కాని పునాది లేని శిఖరం నిలువదు. తన నియమానికి ఒదగని ఫలితాన్ని సైతం నిజాయితీతో లోకం ముందుంచిన రౌల్ట్ జీవితం, ప్రయోగశాలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ ఆదర్శప్రాయం.