కోపాన్ని గెలిచిన గామా

గోదాలో పట్టు దొరకక కోపించినవాడు ప్రత్యర్థికి తానే పట్టు అందిస్తాడు. గామా పహిల్వాన్ జీవితం నుండి మేము గ్రహించిన పాఠమిది.

మల్లుల కుటుంబంలో 1878లో జన్మించిన గామా బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, దతియా సంస్థానం ఆదరణలో సాధన చేశాడు. 1910లో లండన్ వెళ్లగా, ఎత్తు చాలదని నిర్వాహకులు పోటీలో చేర్చుకోలేదు. ఆయన దూషించలేదు, సవాలు విసిరి, అమెరికా మల్లుడు రోలర్‌ను పడగొట్టి అర్హత నిరూపించుకున్నాడు.

సెప్టెంబరు 10న పోలెండు మల్లుడు జిబిస్కోతో తలపడ్డాడు. భారీకాయుడైన జిబిస్కో నేలకు కరచుకొని, రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ పోరును ఆత్మరక్షణతోనే గడిపాడు. ఎంతటివారికైనా సహనం నశించే సమయమది. గామా నియమం తప్పలేదు, ఫలితం తేలలేదు. వారం తరువాత ప్రత్యర్థి రాకపోవడంతో విజయం ఆయనను వరించింది. 1928లో పాటియాలాలో మరల తలపడినపుడు జిబిస్కోను నిమిషంలోపే ఓడించాడు.

1947లో లాహోరు నగరం ద్వేషంతో దహించుకుపోతున్న వేళ, తన వీధిలోని హిందువులకు ఆయన అండగా నిలిచాడని ప్రసిద్ధి. 1960లో అక్కడే కన్నుమూశాడు.

ప్రత్యర్థిని పడగొట్టడం పట్టుల విద్య. ఉద్రేకించిన గుంపులో చేరక నిలవడం ఆ విద్యకు ఫలం. మన విద్యార్థులు ఈ రెండవదానిని ముందుగా అభ్యసించాలని మేము కోరుతున్నాము.