తిరిగి వచ్చిన డాక్టరు: బిజయ్ కుమార్ బసు

ప్రత్యేక సంచికకు దేశానికి మేలు చేసిన ఒక వ్యక్తి జీవితం రాయమని సంఘం పెద్దలు కోరారు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక డాక్టరు గారిని ఎంచుకున్నాను. మన పగిడ్యాలలో గానీ, నందికొట్కూరులో గానీ నలుగురు రిటైరైన వాళ్ళు ఒకచోట చేరితే డి.ఎ. బకాయిల సంగతి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన గంటసేపూ మోకాళ్ళు, నడుములు, మెడలే. ఆ మాటల్లో ఎవరో ఒకరు సూదుల వైద్యం, అంటే ఆక్యుపంక్చర్, పేరెత్తుతారు. ఒకరు మహత్తు అంటారు, ఒకరు మోసం అంటారు. ఆ సూదులను మన దేశానికి తెచ్చింది ఎవరని మాత్రం ఎవరూ అడగరు. తెచ్చినవారు కలకత్తాకు చెందిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు. బెంగాలీలు వకారాన్ని బకారంగా పలుకుతారు కనుక ఈ పేరు. మన నోట అయితే విజయకుమార్ వసు.

బసు గారి పేరు వినని వారికి కూడా డాక్టర్ కోట్నిస్ పేరు తెలిసే ఉంటుంది. షోలాపూర్‌లో పుట్టిన ఆ యువ డాక్టరు చైనాలో గాయపడిన సైనికులకు వైద్యం చేస్తూ అక్కడే కన్నుమూశారు. ఆయన కథను ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పుస్తకంగా రాయగా, శాంతారాం 1946లో హిందీ సినిమా తీసి కోట్నిస్ పాత్ర తానే వేశారు. మన తెలుగు పద్మశాలీలు వేలాదిగా స్థిరపడిన ఊరు కనుక షోలాపూర్ మనకు కొత్త ఊరు కాదు. చైనా వెళ్ళిన ఐదుగురు డాక్టర్లలో ఒకరు తిరిగి రాలేదన్నదే అబ్బాస్ పుస్తకం పేరుకు అర్థం. రానివారిని లోకం గుర్తు పెట్టుకున్నది, అది న్యాయమే. వచ్చినవారిలో ఒకరు మళ్ళీ అదే దేశం వెళ్ళి, ఇంకొక విద్య నేర్చుకొని వచ్చారని చాలామందికి తెలియదు.

1937లో జపాను సైన్యం చైనా మీద విరుచుకుపడింది. ఎనిమిదవ మార్గ సైన్యం అధిపతి చూ టే ఆ ఏడాదే నెహ్రూ గారికి ఉత్తరం రాసి డాక్టర్లను, మందులను పంపమని కోరారు. మన దేశమే అప్పుడు పరాయి పాలనలో ఉన్నది. అయినా కాంగ్రెసు ఒప్పుకున్నది. 1938లో అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్రబోసు చందాలకు పిలుపునిచ్చారు. ఆ రోజుల్లో ఇరవై రెండు వేల రూపాయల దాకా పోగయిందంటారు. అలహాబాదుకు చెందిన డాక్టర్ అటల్ నాయకుడు. ఆయన అంతకు ముందే స్పెయిన్ యుద్ధంలో పని చేసి వచ్చిన మనిషి. నాగపూరు నుండి డాక్టర్ చోల్కర్, షోలాపూర్ నుండి కోట్నిస్, కలకత్తా నుండి డాక్టర్ ముఖర్జీ. ఐదవ వారుగా మొదట ఎంపికైనది బసు గారు కాదు, కలకత్తాలోనే మరొక డాక్టరు. ఆయన రాజకీయాల కారణంగా తెల్లదొరల ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వలేదు. చివరి ఘడియలో ఆ స్థానంలో బసు గారిని పంపారు. జీవితమంతా ఫైళ్ళు చూసిన నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది. ఏ సెక్షనులో ఏ గుమాస్తా ఆ దరఖాస్తు మీద వద్దని నోటు పెట్టాడో గానీ, ఆ ఒక్క నోటుతో మన దేశంలో ఒక వైద్యం చరిత్రే మారింది.

1938 సెప్టెంబరు 1న బొంబాయి రేవులో రాజ్‌పుతానా అనే ఓడ ఎక్కారు. కాంటన్‌లో సన్ యట్ సేన్ గారి సతీమణి స్వయంగా వచ్చి స్వాగతం చెప్పారు. హాంకౌ, చుంగ్‌కింగ్ నగరాల మీదుగా, వెనుక బాంబులు పడుతుండగా, నెలల తరబడి ప్రయాణం చేసి 1939 ఫిబ్రవరిలో యెనాన్ చేరారు. అది కొండలను తొలిచిన గుహల్లో జనం కాపురముండే ఊరు. ఆస్పత్రి కూడా గుహల్లోనే. వీరి పేర్లకు చైనా అని అర్థం వచ్చే హువా అనే శబ్దం చేర్చి చైనా పేర్లు పెట్టారు. బసు గారు బా సుహువా అయ్యారు, కోట్నిస్ కె దిహువా అయ్యారు. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరుగా 1940 నాటికి ఇంటిముఖం పట్టగా, బసు, కోట్నిస్ ఇద్దరే మిగిలారు. ఇద్దరూ కలిసి జపాను సైన్యం కాపలా ఉన్న దారులు దాటుకుంటూ యుద్ధరంగానికి వెళ్ళారు. తరువాత కోట్నిస్ ఆ ఉత్తరపు కొండల్లోనే ఆగిపోగా, బసు గారు యెనాన్‌కు తిరిగి వచ్చి ఆస్పత్రి పనిలో పడ్డారు.

ఆ తరువాత ఇద్దరూ కలుసుకోలేదు. కోట్నిస్ అక్కడి నర్సు క్వో చింగ్‌లాన్ గారిని వివాహం చేసుకున్నారు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. ఇండియా, చైనా రెండు పేర్లూ కలిసేలా యిన్‌హువా అని పేరు పెట్టారు. బిడ్డకు నాలుగు నెలలైనా నిండకముందే, డిసెంబరు 9న, మూర్ఛ వ్యాధి వరుసగా వచ్చి కోట్నిస్ 32 ఏళ్ళకే పోయారు. మరుసటి ఏడు, 1943లో, బసు గారు ఒంటరిగా కలకత్తా చేరారు. ఐదేళ్ళు గడిచాయి. వచ్చేసరికి సొంత బెంగాల్‌లో కరువు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. బసు గారు యెనాన్‌లో ఉన్నన్నాళ్ళూ చేసింది మన ఆస్పత్రుల్లో చేసే ఇంగ్లీషు వైద్యమే. సూదుల వైద్యం చైనాలో రెండు వేల ఏళ్ళ నాటిది. కానీ 1822లో చక్రవర్తి దాన్ని రాజ వైద్యశాలలో నుంచి తీసివేయించాడు. 1929లో నాటి ప్రభుత్వ వైద్య సభ పాత వైద్యాన్నే రద్దు చేయాలని తీర్మానం చేస్తే దేశమంతా గొడవలై అది ఆగింది. మందులకు దిగ్బంధం ఉన్న యెనాన్‌లో ఇంగ్లీషు వైద్యం చదివిన చూ లియెన్ అనే డాక్టరమ్మ ఒక పాత సూదుల వైద్యుని దగ్గర ఆ విద్య నేర్చుకున్నారు. 1945లో అక్కడి ఆస్పత్రిలో సూదుల వైద్యం విభాగం తెరిచారు. అప్పటికి బసు గారు వచ్చేసి రెండేళ్ళు. అంటే ఆయన పని చేసిన చోటే, ఆయన వీపు తిరగగానే ఆ విద్య మొలకెత్తింది.

దాన్ని పట్టుకోవడానికి ఆయన మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. 1950ల చివర చైనా వెళ్ళి, అక్కడి వైద్యుల దగ్గర ఆక్యుపంక్చర్ నేర్చుకొని, 1959లో కలకత్తాకు తిరిగి వచ్చి వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి అదే మొదలు అని అందరూ ఒప్పుకుంటారు. ఇరవై ఏళ్ళు డాక్టరుగా పేరున్న మనిషి, యుద్ధరంగం చూసిన మనిషి, నడివయసులో మళ్ళీ పలకా బలపం పట్టినట్లు నాడి చూడడం దగ్గర నుంచి నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. మనం ఒక కొత్త బిల్లు ఫారం వస్తేనే విసుక్కున్నవాళ్ళం.

ఆయన నేర్చుకున్నది ఏమిటో కొంచెం చెప్పుకుందాం. చైనావారి లెక్కలో శరీరంలో ఒక ప్రాణశక్తి దారులు కట్టి ప్రవహిస్తుంది, అది ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి పుడుతుంది. మన కె.సి. కాలువలో పూడిక పడితే కింది మడికి నీరందనట్లు అనుకోండి. ఆ దారుల మీద 361 స్థానాలు ఉన్నాయి. వెంట్రుకంత సన్నని ఉక్కు సూదిని అక్కడ గుచ్చి, వేళ్ళతో మెల్లగా తిప్పి, ఇరవై ముప్పై నిమిషాలు ఉంచుతారు. సూదిలో మందేమీ ఉండదు. గుచ్చినచోట జివ్వుమనడం, బరువెక్కడం, తిమ్మిరి వంటిది తెలియాలి. పంటినొప్పికి బొటనవేలు, చూపుడువేలు కలిసే కండలో గుచ్చుతారు. మోకాటిచిప్పకు నాలుగు వేళ్ళ కింద, కాలి బయటి వైపు ఉన్న స్థానం మరీ ప్రసిద్ధం. వారి భాషలో ఈ వైద్యం పేరుకు సూది, సెగ అని రెండు మాటలు. సెగ కోసం వాడే ఎండుటాకు మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతిదే. దాన్ని పొగాకు చుట్టలా చుట్టి, ముట్టించి, చర్మానికి దగ్గరగా పట్టుకుంటారు. మన పల్లెల్లో వెనుకటికి వాతలు పెట్టేవారు కదా, ఇందులో ఆ కాల్చడం లేదు, వెచ్చదనమే.

బసు గారు సూదులు తెచ్చిన మూడేళ్ళకే, 1962లో, చైనాతో యుద్ధం వచ్చింది. చైనా అన్న మాటే అనుమానాస్పదమైన రోజులు. ఆయన కమ్యూనిస్టు కూడా. చైనా సూదులతో వైద్యం చేసే కమ్యూనిస్టు డాక్టరు అంటే ఆనాటి కలకత్తాలో ఎన్ని చూపులు పడి ఉంటాయో ఊహించుకోవచ్చు. అయినా ఆ విద్యను వదలలేదు.

గాలి మారింది 1971 తరువాత. జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పత్రికా రచయితకు పెకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషను జరిగింది. తరువాత కడుపులో పుట్టిన బాధకు సూదులు వేస్తే తగ్గిందని ఆయన తన పత్రికలో రాశారు. మరుసటి ఏడు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళారు. లోకమంతా సూదుల కోసం ఎగబడింది. 1970లలో కోట్నిస్ స్మారక సంఘం మళ్ళీ ప్రాణం పోసుకున్నది. దాని కేంద్రాలలో బీదలకు సూదుల వైద్యం చేశారు, నేర్పారు. బసు గారు అందులో ముందు నిలిచారు. లూధియానాలో కోట్నిస్ పేరిట ఆక్యుపంక్చర్ ఆస్పత్రే వెలసింది. గమనించండి, సూదులు తెచ్చింది బసు గారు, వాటి మీద వెలిగిన పేరు మిత్రునిది. కోట్నిస్ జీవితంలో ఆక్యుపంక్చర్ చేసిన డాక్టరు కారు. స్నేహితుని పేరు బతికించడానికి బసు గారికి దొరికిన దారి ఇదేనని నా అభిప్రాయం.

యెనాన్ రోజుల మీద ఆయన రాసిన డైరీ 1986లో పుస్తకంగా వచ్చింది. అదే సంవత్సరం ఆయన కాలం చేశారు. పదేళ్ళకు, 1996లో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆక్యుపంక్చర్ కోసం ప్రత్యేక చట్టం చేసింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ఒక ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది.

మరి పని చేస్తుందా అంటే, ఆయన మీద గౌరవంతో లేనిది చెప్పకూడదు. గుచ్చినప్పుడు నొప్పిని అణచే పదార్థాలు శరీరమే విడుదల చేస్తుందని 1970లలోనే పరిశోధకులు చూపారు. 2007లో జర్మనీవారు నడుమునొప్పి ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. మామూలు మందులు, వ్యాయామం చేసిన జట్టులో నూటికి 27 మందికి గుణం కనిపించగా, సూదులు వేసిన జట్టులో 47 మందికి పైగా కనిపించింది. అయితే స్థానాలు కాని చోట పైపైన గుచ్చిన మూడవ జట్టులో కూడా 44 మందికి గుణం కనిపించింది. దీన్నిబట్టి ఆ 361 స్థానాల లెక్క ఎంతవరకు నిజమో తేలలేదు గానీ, బాధ తగ్గినవారు మాత్రం తగ్గినవారే. 2021లో ఇంగ్లాండు వైద్య సంస్థ కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పులకు దీన్ని ఆలోచించవచ్చన్నది. మోకాటి కీలు అరుగుదలకు మాత్రం 2022లో వద్దన్నది. మన సభ్యులలో మోకాళ్ళవారే ఎక్కువ కనుక ఇది గుర్తుంచుకోవాలి. ఇంకోవైపు, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని ఏళ్ళ తరబడి మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలను, కడుపును ఏం చేస్తాయో మనలో కొందరికి అనుభవమే.

ఒక క్యాంపులో సూదులు మొదలుపెట్టిన రోజు నుంచే షుగరు మాత్రలు మానేయమని చెప్పడం నేను చెవులారా విన్నాను. పేరెందుకు గానీ, అటువంటి చోట కూర్చోకుండా లేచి రావడమే మంచిది. వేయించుకోదలచిన వారు వేసే మనిషి చదువు, రిజిస్ట్రేషను అడగండి. సూది కొత్త ప్యాకెట్టు మీ ఎదుటే చించి తీయాలి, వాడినది పారవేయాలి. రక్తం పలుచబరచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు సూదులకు కరెంటు తగిలించే పద్ధతి జోలికి పోరాదు. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.