వెల, విలువ: మహబూబ్ అలీ పాషా

వస్తువు వెల పెరిగినకొద్దీ దాని గుణము కూడ పెరిగినట్లు తోచుట మానవస్వభావము. ఏలూరులోనైనను, తాడేపల్లిగూడెములోనైనను స్పీకర్లు కొనబోవువారు ముందుగా ధర విని, పిమ్మట పాట విందురు. ధర విన్న చెవికి ఖరీదైన పెట్టెలోని పాటయే మధురముగా తోచును. ఈ భ్రమకు ప్రభువులు సైతము అతీతులు కారని ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ జీవితము తెలుపుచున్నదని మేము తలంతుము.

ఆయన 1866లో జన్మించి, మూడేండ్లు నిండకమునుపే 1869లో గద్దెనెక్కెను. 1884లో పూర్ణాధికారములు స్వీకరించెను. ఉడుపులపైనను, రత్నములపైనను ఆయనకు గల మక్కువ లోకవిదితము.

1891లో సిమ్లా రత్నవర్తకుడు అలెగ్జాండర్ మాల్కం జాకబ్ ఒక మహావజ్రమును చూపగా, బేరము 46 లక్షల రూపాయలకు కుదిరెను. నిజాము 23 లక్షలు ముందుగా చెల్లించెను. ఇంత వ్యయము తగదని బ్రిటిషు రెసిడెంటు అడ్డుపడెను. నిజాము వజ్రమును వలదనెను. సొమ్ము మాత్రము తిరిగిరాలేదు. వ్యాజ్యము కలకత్తా హైకోర్టుకెక్కెను. జాకబ్ నిర్దోషిగా విడుదలయ్యెను. కడకు రాజీ కుదిరి వజ్రము నిజాముకే దక్కినను, ఆయనకు దానిపై మనసు విరిగెను. 1911లో ఆయన గతించిన పిమ్మట అది పాత జోడులో దొరికెననియు, కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ దానిని కాగితములు ఎగురకుండ బరువుగా ఉంచుకొనెననియు ప్రతీతి. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలను 218 కోట్లకు కొనినపుడు అదియే మరల అమూల్యరత్నమయ్యెను. 184.75 క్యారట్ల ఆ రాయి ఎన్నడును తరుగలేదు, పెరుగలేదు. వెలనుబట్టి చూపు మారెను.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినపుడు నిరాశ్రయులకు తన ప్రాసాదద్వారములు తెరిపించినవాడును ఈ ప్రభువే. ప్రజలు ఆయనను నేటికిని తలచుకొనుట వజ్రమునుబట్టి కాదు, ఎవరును వెల కట్టని ఆ కార్యమునుబట్టి.

ఈ కథ మనకు దూరమైనది కాదు. మన ఏలూరు తివాచీ మగ్గముపై నున్నపుడు స్వల్పమైన కూలి పనియే. విదేశపు అంగడిలో పెద్ద ధర చీటి తగిలినంతనే అది గొప్ప కళాఖండము. ఉన్ని అదే, ముడి అదే. కూలి తక్కువ కాబట్టి పనియు తక్కువదేనని ఇంటి పిల్లలే తలచినచో, తండ్రి చేతిలోని విద్య ఆయనతోనే అంతరించును. కావున విద్యార్థులారా, ధర చీటి చదువుటకు ముందు పాటను వినుడు, నేతను చేతితో తాకి చూడుడు. వెల కట్టువారు బజారులో నుందురు. విలువ నెరుగవలసినవారము మనము.