ఎడారి పొదలను లెక్కపెట్టిన ఫారెస్ట్ ష్రీవ్

ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు మన కళ్ళముందు మెదులుతాయి. కానీ అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలోనూ, దాని దిగువన మెక్సికోలోనూ వ్యాపించిన సొనోరన్ ఎడారిలో ఎటు చూసినా పొదలే. మన పొలం గట్ల మీది నాగజెముడు కూడా ఆ అమెరికా ఖండం నుంచి వచ్చినదే. ఆ పొదల బ్రతుకును జీవితమంతా చదివిన మహనీయుడు ఫారెస్ట్ ష్రీవ్. వృక్షశాస్త్రంలో ఆయనది పెద్ద పేరే అయినా మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. అందుకే మన సంచికలో నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ష్రీవ్ 1878లో మేరీలాండ్ రాష్ట్రంలో జన్మించారు. 1905లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. మొదట జమైకా కొండల మీది వాన అడవులను పరిశీలించారు. ఎప్పుడూ తడిసి ఉండే ఆ అడవులు చూసిన మనిషి 1908లో టూసాన్ పట్టణం పక్కన టుమమాక్ కొండ మీది ఎడారి ప్రయోగశాలలో చేరారు. 1909లో ఈడిత్ బెల్లమీని వివాహమాడారు. జెముడు మొక్కలు నీటిని ఎలా పొదుపు చేసుకుంటాయో పరిశోధించిన శాస్త్రవేత్త ఆమె. భర్త పేరు వినిపించినంతగా ఆమె పేరు వినిపించకపోవడం మాకు న్యాయంగా తోచలేదు.

ష్రీవ్ పద్ధతి చాలా సాదాది. కొండ మీద చిన్న చిన్న మడులు గుర్తుపెట్టి, వాటిలోని ప్రతి మొక్కనూ పటంలో వేసుకోవాలి. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ వచ్చి ఏది బ్రతికిందో, ఏది పోయిందో చూడాలి. వోల్నీ స్పాల్డింగ్ 1906లో మొదలుపెట్టిన మడులను ఆయన ఇలాగే కొనసాగించారు. పాలో వర్దె అనే చెట్టు గింజలు వాన పడగానే గుంపుగా మొలుస్తాయి, కానీ వాటిలో నిలిచేవి బహుకొద్ది. స్తంభంలా పెరిగే సగువారో జెముడు ఉత్తరాదికి ఎందుకు పోలేదో కూడా 1911లో వివరించారు. ఒక్క రాత్రి గడ్డకట్టే చలిని అది తట్టుకుంటుంది. మరునాడు పగలు కూడా ఆ చలి విడవకపోతేనే చచ్చిపోతుంది.

ఒక గుంపు మొక్కలు నేలను సిద్ధం చేస్తే మరో గుంపు వచ్చి దాన్ని ఆక్రమిస్తుందని ఆనాటి పెద్దలు బోధించేవారు. ఎడారిలో ష్రీవ్‌కు అది కనబడలేదు. పొద చచ్చిన చోట మళ్ళీ అక్కడి జాతులే మొలవడం చూశారు. పెద్దల మాటకు తలవంచక, మడిలో కనబడిందే వ్రాశారు. ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

1922లో అమెరికా జీవావరణ శాస్త్ర సంఘానికి అధ్యక్షులయ్యారు. 1930లలో మెక్సికో దారుల్లో కారు మీద వేల మైళ్ళు తిరిగి, మొక్కలను బట్టి సొనోరన్ ఎడారిని ఏడు భాగాలుగా విభజించారు. ఇంతలో, 1940లో, ప్రయోగశాలను నడిపే కార్నెగీ సంస్థ దాన్ని మూసివేసి అటవీశాఖకు అప్పగించింది. కొండ చేయి దాటినా ష్రీవ్ పుస్తకం పని వదలలేదు. 1950 జూలైలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ గ్రంథం అచ్చయింది, దాన్ని ఆయన చూడలేదు. 1960లో ప్రయోగశాల అరిజోనా విశ్వవిద్యాలయానికి దక్కింది. ఆ మడులలోని మొక్కలను నేటికీ లెక్కిస్తున్నారు.