కానూరి లక్ష్మణరావు

డా. కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) సుప్రసిద్ధ ఇంజనీరు, పార్లమెంటు సభ్యుడు, కేంద్ర మంత్రి. కె.ఎల్.రావు అన్న పేరుతోనే ఎక్కువమందికి తెలుసు. నాగార్జునసాగర్ ఆనకట్ట రూపకర్తలలో ఒకడిగా తెలుగువారు ఆయనను గుర్తుంచుకున్నారు. అయితే పదేళ్ళపాటు కేంద్రంలో ఆయన నీటిపారుదలతో పాటు విద్యుత్తు శాఖను కూడా చూసాడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఇళ్ళకు, బావులకు, పట్టణాలకు కరెంటు చేరే విధానం ఆ పదేళ్ళలో చాలా మారింది.

బాల్యం, విద్య

లక్ష్మణరావు కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. పొందాడు. రంగూన్‌లో ఆచార్యుడిగా కూడా పనిచేసాడు.

ఇంజనీరుగా

స్వదేశం వచ్చాక మద్రాసు ప్రభుత్వంలోను, 1950 నుండి ఢిల్లీలోను డిజైను ఇంజనీరుగా పనిచేసాడు. నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా నిర్మించాలన్న నిర్ణయంలో ఆయన పాత్ర ముఖ్యమైనది. దానివలన విదేశీ యంత్రాల అవసరం తగ్గి, వేలాది కూలీలకు పని దొరికింది. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది.

విద్యుత్తు మంత్రిగా

1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963 నుండి 1973 వరకు నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరా గాంధీల ప్రభుత్వాలలో నీటిపారుదల, విద్యుత్తు బాధ్యతలు నిర్వహించాడు.

అప్పటికి విద్యుత్తు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునే వ్యవహారం. మాచ్‌ఖండ్, తుంగభద్ర వంటి ఉమ్మడి కేంద్రాలను మినహాయిస్తే, ఒక రాష్ట్రంలో మిగిలిన కరెంటు పొరుగు రాష్ట్రానికి వెళ్ళే దారులు తక్కువ. మైసూరు రాష్ట్రానికి శరావతి జలవిద్యుత్తు, మద్రాసుకు నైవేలి లిగ్నైటు, ఆంధ్రకు కొత్తగూడెం బొగ్గు ఉన్నాయి. వానలు తప్పిన ఏడు జలాశయంపై ఆధారపడిన రాష్ట్రానికి బొగ్గు ఉన్న రాష్ట్రం ఆసరా కావాలంటే మధ్యలో తీగ ఉండాలి. ఆయన మంత్రిగా ఉండగా 1964లో దేశాన్ని ఐదు ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్తు బోర్డులను ఏర్పరచారు. దక్షిణ ప్రాంతపు బోర్డు కార్యాలయం బెంగుళూరులో ఏర్పడింది. రాష్ట్రాల మధ్య లైన్లకు కేంద్రం నిధులు సమకూర్చింది. నేటి జాతీయ గ్రిడ్డుకు పునాది ఇదే.

1965-67 మధ్య వచ్చిన కరువుల తరువాత గ్రామీణ విద్యుదీకరణ లక్ష్యం మారింది. ఊళ్ళో దీపాలకంటే బావులకు పంపుసెట్లు ముఖ్యమయ్యాయి. కానీ విసిరేసినట్లున్న బావులకు మైళ్ళకొద్దీ లైను లాగితే రాష్ట్ర విద్యుత్తు బోర్డుకు వచ్చే రాబడి స్వల్పం. ఈ చిక్కు తీర్చడానికి అప్పులిచ్చే సంస్థగా 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. దేశంలో 1961లో సుమారు 2 లక్షలున్న విద్యుత్ పంపుసెట్లు 1974 నాటికి సుమారు 24 లక్షలయ్యాయి.

గంగా-కావేరీ అనుసంధానం

ఆయన పేరు దేశమంతటా మారుమోగినది 1972లో ప్రతిపాదించిన గంగా-కావేరీ కాలువ వలన. పాట్నా దగ్గర గంగ వరదనీటిలో 60,000 క్యూసెక్కులను ఏడాదిలో 150 రోజులు మళ్ళించి, 2,640 కిలోమీటర్ల కాలువ ద్వారా గోదావరి, కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాల మీదుగా కావేరికి చేర్చాలని ఆ పథకం. హిందూపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించే పెన్నా సాధారణంగా ఏడాదిలో అధికభాగం ఎండిపోయి ఉంటుంది కనుక, రాయలసీమకు ఇది చిన్న ఆశ కాదు.

పథకం వీగిపోవడానికి ఒక ప్రధాన కారణం కరెంటే. నీటిలో అధికభాగాన్ని 549 మీటర్ల ఎత్తుకు తోడాలి. అందుకు 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావాలని అంచనా. 1974 మార్చి నాటికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం సుమారు 16,700 మెగావాట్లు మాత్రమే. విద్యుత్తు శాఖను చూసిన మంత్రికి ఈ లెక్క తెలియనిది కాదు. అయినా ఆయన ఈ ఆలోచనను వదల్లేదు. 1975లో వెలువడిన ఇండియాస్ వాటర్ వెల్త్ ఆయన ప్రసిద్ధ రచన.

తరువాతి పరిణామాలు

పంపుసెట్ల ఫలితం అనంతపురం ప్రాంతంలో రెండు విధాలుగా కనిపించింది. కపిల తోలే ఎద్దులకు విశ్రాంతి దొరికింది, వేరుశనగ తప్ప మరో పైరు ఎరుగని చేలలో తడి పంటలు వచ్చాయి. తరువాత బావులు ఎండి బోర్లు వచ్చాయి, బోర్లు ఏటేటా లోతుకు పోయాయి. 1982లో మీటర్ల స్థానంలో హార్స్‌పవర్‌నుబట్టి స్థిర రుసుము, 2004 నుండి ఉచిత విద్యుత్తు అమలయ్యాక, నీరు తోడడంలో పొదుపు చేయవలసిన అవసరం రైతుకు మరింత తగ్గింది. ఈ నష్టాన్ని లక్ష్మణరావు ఒక్కడికి అంటగట్టడం న్యాయం కాదు గాని, పంపుసెట్టు కథలో దీనిని దాటవేయడమూ కుదరదు.

దక్షిణ గ్రిడ్డు 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైను ద్వారా మిగతా దేశపు గ్రిడ్డుతో ఒకే పౌనఃపున్యంలో కలిసింది. 2016లో నంబులపూలకుంట వద్ద 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 2022లో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మండలమది. ఒకప్పుడు దూరపు నదుల కరెంటు కోసం ఎదురుచూసిన సీమ, ఎండనుండి తీసిన కరెంటును అదే గ్రిడ్డులోకి పంపుతున్నది. పగలు మాత్రమే వచ్చే ఈ విద్యుత్తువలన, అర్ధరాత్రి చేనికి వెళ్ళి మోటారు వేసే అవస్థను తప్పించే వీలు పెరిగింది. మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే యంత్రాలు నాగార్జునసాగర్‌లోను, శ్రీశైలం ఎడమగట్టున ఉన్నాయి.

లక్ష్మణరావు 1986 మే 18న మరణించాడు. కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. దాని ఎడమగట్టున, తెలంగాణ వైపు, 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది.