డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు: నియమమును మనస్సాక్షియు

ధ్యాన భాగము: నిర్గమకాండము 1:15-21

ఫరో ఆజ్ఞను మీరి మగపిల్లలను బ్రదుకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా అనువారిని మనమెరుగుదుము. వైద్యవృత్తిలో నుండి పెద్దల మాటను కాదన్న మరియొకని చరిత్ర ఇది. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆయన జీవితము మనకు ఆలోచింపదగినది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరములో జన్మించెను. యౌవనములో ఇద్దరు సోదరులు స్ప్రూ అను విరేచన వ్యాధితో కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆ దుఃఖము ఆయనను విడువలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా గాంధీగారి పిలుపు విని, విదేశీ వస్త్రము మాని, శస్త్రచికిత్సకు ఖద్దరు అంగీ తొడిగెను. ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కోపము కలిగించెను. వ్రాతపరీక్షలలో రాణించినను సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు; అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చిరి. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువును దొరకలేదు. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పెను.

1923లో అమెరికాలోని బోస్టను చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసెను. తరువాత ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి, మన దేహమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనెను. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. అక్కడ ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను చంపిన వ్యాధికి అది మందాయెను. బోదకాలు మందైన డి.ఇ.సి.యు అక్కడనే పుట్టెను. 1948 ఆగస్టులో, 53వ యేట, ఆయన కన్నుమూసెను.

ఆయన ఖద్దరు తొడుగుట తగునా? తరువాత గొప్పవాడాయెను గనుక తగునని చెప్పుట సరికాదు. ఆనాడు ఆయనకు కనబడినది నష్టమే. మరి దేనితో తూచవలెను? మొదట, కర్తవ్యముతో: ఆ నియమము రోగిని కాచునదా, అధికారి గౌరవమును కాచునదా? రెండవది, ఫలితముతో: మీరుటవలన నష్టమెవరికి? మూడవది, శీలముతో: దాచి చేసితిమా, అందరి యెదుట చేసితిమా? సుబ్బారావు అందరి యెదుట చేసెను; దాని వెలను తానే చెల్లించెను.

ఈ త్రాసును మన యూళ్లకు తెచ్చుకొందము. నల్లగొండ ప్రాంతములో బోదకాలు నివారణకై ఆ డి.ఇ.సి. బిళ్లలనే ఇంటింట పంచిరి. రెండేండ్లలోపు బిడ్డలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇయ్యరాదు. తక్కినవారిచేత కార్యకర్త తన కన్నులయెదుటనే మ్రింగింపవలెను. ఇది నియమము. ఎండలో నలువది యిండ్లు తిరిగినామె కాళ్లు నొచ్చుచుండగా, బిళ్లలు గడపలో పెట్టి, మ్రింగిరని పుస్తకములో వ్రాసికొని పోవలెనని తోచవచ్చును. ఆమె కష్టము నిజమే. గాని బిళ్ల గూటిలోనుండిన పురుగు నెత్తురులోనే యుండును. దోమ దానిని పొరుగింటికి మోయును. ఇక్కడ మీరుట చాటున జరుగును. వెల చెల్లించువాడు పొరుగువాడు.

మంత్రసానులు మీరినది ప్రాణము తీయుమన్న ఆజ్ఞను. ఈ బిళ్ల నియమము ప్రాణమును కాచునది. ఆసుపత్రిలో ఆయాగానో నర్సుగానో కంపౌండరుగానో పనిచేయు మన బిడ్డలారా, నియమము భారమైనపుడు ముందుగా అడుగుడి: దీనిని నేను మీరినయెడల నొచ్చువాడు నేనా, మంచముమీది రోగియా?