కవి కూతురు రాసిన ప్రోగ్రామ్

ఏడాదిలో 256వ రోజు ప్రోగ్రామర్ల దినోత్సవం. అంటే సెప్టెంబరు 13, లీపు సంవత్సరమైతే 12. ఒక బైటులో పట్టే విలువలు 256 కాబట్టి ఆ రోజును ఎంచుకున్నారు. ఆ రోజు ఫోన్లలో తిరిగే బొమ్మల్లో పాతకాలపు గౌను వేసుకున్న ఒకావిడ కనిపిస్తుంది, కింద తొలి ప్రోగ్రామర్ అని రాసి ఉంటుంది. ఆవిడే అడా లవ్‌లేస్. కంప్యూటరే లేని కాలంలో ఆమె ప్రోగ్రామ్ ఎలా రాసిందో మాత్రం ఆ బొమ్మ చెప్పదు.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. తండ్రి లార్డ్ బైరన్, ఇంగ్లండంతా పేరు మోగిపోయిన కవి. పేరుతో పాటు అప్పులూ, అపవాదులూ బాగానే ఉండేవి. పాపకు నెల దాటగానే తల్లి ఆనబెల్లా ఆమెను ఎత్తుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. బైరన్ దేశమే వదిలేశాడు, కూతుర్ని మళ్లీ చూడలేదు. అడాకు ఎనిమిదేళ్లప్పుడు గ్రీసులో చనిపోయాడు.

తండ్రి బుద్ధులు పిల్లకు వస్తాయేమోనని తల్లికి భయం. దానికి ఆవిడ కనిపెట్టిన మందు లెక్కలు! ఇంటికి పంతుళ్లను పిలిపించి చిన్నప్పటి నుంచీ గణితం చెప్పించింది. కానీ పిల్ల పన్నెండేళ్లకే పక్షుల రెక్కలు పరిశీలించి ఎగిరే యంత్రానికి కొలతలు వేయడం మొదలుపెట్టింది. ఊహ ఎక్కడికీ పోలేదన్నమాట. తర్వాత తట్టు సోకి కాళ్లు పడిపోయాయి, చాలాకాలం మంచానికే పరిమితమై, ఆపైన చంకకర్రలతో నడిచింది. చదువు మాత్రం ఆపలేదు. పెద్దయ్యాక ఉత్తరాల ద్వారా ఆమెకు పై గణితం నేర్పిన గురువు డి మోర్గన్. డిజిటల్ లాజిక్‌లో మనల్ని పలకరించే ఆ డి మోర్గనే. ఆయన పుట్టింది మన దేశంలోనే, మదురైలో.

1833లో, పదిహేడేళ్ల వయసులో, చార్లెస్ బాబేజ్‌తో పరిచయమైంది. ఆయన ఇంట్లో డిఫరెన్స్ ఇంజిన్ నమూనా ఉండేది. పళ్లచక్రాలు తిప్పితే పట్టికలు లెక్కగట్టే యంత్రమది. ఆ తర్వాత ఆయన అంతకంటే పెద్దది తలపెట్టాడు, పేరు అనలిటికల్ ఇంజిన్. అంకెలు దాచుకునే భాగం స్టోరు, లెక్క చేసే భాగం మిల్లు. మన మెమరీ, ప్రాసెసర్ అనుకోండి. ఆదేశాలు చిల్లులు పెట్టిన అట్టకార్డుల మీద వెళ్తాయి. ఫ్రాన్సులో జకార్డ్ మగ్గం పూల డిజైను నేసేది అలాంటి కార్డులతోనే. అయితే ప్రభుత్వం అప్పటికే మొదటి యంత్రం మీద 17 వేల పౌండ్ల దాకా పోసింది, అది పూర్తి కాలేదు. 1842లో ఇక ఇవ్వమని చెప్పేసింది.

అదే ఏడాది మెనబ్రియా అనే ఇటలీ ఇంజినీరు ఈ కొత్త యంత్రం గురించి ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. అప్పటికి పెళ్లయి ముగ్గురు పిల్లల తల్లి అయిన అడా దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. సొంతంగా ఏదైనా చేర్చమని బాబేజ్ సలహా ఇచ్చాడు. ఆమె చేర్చిన వివరణలు అసలు వ్యాసానికి దాదాపు మూడింతలయ్యాయి. 1843లో అచ్చయినప్పుడు కింద పూర్తి పేరు లేదు, ఎ.ఎ.ఎల్. అనే పొడి అక్షరాలే.

ఆ వివరణల్లో చివరిది అసలు సంగతి. బెర్నూలీ సంఖ్యలు లెక్కగట్టడానికి ఒక పెద్ద పట్టిక వేసింది. ఏ అంచెలో ఏ రెండు విలువలు తీసుకోవాలి, ఏం చేయాలి, ఫలితం ఏ గడిలో పెట్టాలి, ఏ అంచెలు మళ్లీ మళ్లీ తిరగాలి, అన్నీ అందులో ఉన్నాయి. లూప్ అన్నమాట. ల్యాబ్ పరీక్షకి ముందు మనం కాగితం మీద డ్రై రన్ చేస్తాం కదా, కాకపోతే మనకి పక్కన సిస్టమ్ ఉంటుంది. ఆమెకు యంత్రమే లేదు.

నిజానికి చిన్న చిన్న లెక్కలకి అలాంటి పట్టికలు బాబేజ్ ముందే రాసుకున్నాడు. అందుకని తొలి ప్రోగ్రామర్ ఎవరన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ గొడవే. నాకైతే ఆ పోటీ అనవసరం అనిపిస్తుంది. బాబేజ్ ఆ యంత్రంలో అంకెల్ని చూశాడు. స్వరాల మధ్య సంబంధాల్ని నియమాలుగా చెప్పగలిగితే అది సంగీతం కూడా కట్టగలదని చెప్పింది అడా. అది కవి కూతురికే తట్టే మాట. అదే చోట హద్దు కూడా గీసింది: యంత్రం సొంతంగా ఏదీ పుట్టించదు, మనకు చెప్పడం తెలిసిందే చేస్తుంది అని. 1950లో అలన్ ట్యూరింగ్ ఆ అభ్యంతరాన్ని ఆమె పేరుతోనే తీసుకుని జవాబు చెప్పడానికి కూర్చున్నాడు. ఏఐ గురించి మన హాస్టల్లో రాత్రిళ్లు జరిగే వాదన అదే!

ఆ తర్వాత జీవితం సుఖంగా సాగలేదు. గుర్రప్పందేలు అలవాటై అప్పులపాలైంది, అత్తింటి నగలు తాకట్టుకి వెళ్లాయి. గర్భాశయ క్యాన్సర్‌తో నెలల తరబడి బాధపడి 1852 నవంబరు 27న కన్నుమూసింది. వయసు 36. తండ్రి పోయిందీ ఆ వయసులోనే. తన కోరిక ప్రకారం ఆమెను హక్‌నాల్ చర్చిలో ఆయన పక్కనే ఉంచారు.

అనలిటికల్ ఇంజిన్‌ని బాబేజ్ పూర్తి చేయలేకపోయాడు. ఆమె పట్టికను మాత్రం మన కాలంవాళ్లు కంప్యూటర్లో నడిపి చూశారు. ఒక భాగహారంలో పైది కిందికి, కిందది పైకి తారుమారైంది. ఆమె పొరపాటో, అచ్చు వేసినవాళ్లదో మరి. ప్రోగ్రామ్ అన్నాక బగ్ ఉండదా!